మా శివారు ఊరి లెక్క: జనాభా పుస్తకం చదివే పద్ధతి

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి, మా ఊళ్ళో ఐదు సెంట్ల స్థలం చూశాడు. మాది పాలకొల్లు టౌనుకి మూడు కిలోమీటర్లు. బ్రోకరు చేతిలో పెట్టిన రంగుల కాగితం నిండా కొబ్బరిచెట్లు, మధ్యలో డాబా. "ఏం మావయ్యా, కొనమంటావా?" అన్నాడు. నేను కొనమనీ అనలేదు, వద్దనీ అనలేదు. లాప్‌టాప్ తియ్యమన్నాను.

నేను 1991, 2001, 2011 మూడుసార్లూ జనాభా లెక్కల డ్యూటీ చేసిన బడిపంతుల్ని. పట్టికలో ఒక్కో గడి వెనక గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న ఒకటుంటుంది. ఆ ప్రశ్నేమిటో తెలిస్తే అంకె దారికొస్తుంది. తెలియకపోతే బ్రోకరు కాగితానికీ దానికీ తేడా ఉండదు.

ముందు పుస్తకం దొరకాలి కదా. సెన్సస్ ఇండియా వెబ్‌సైటులో 2011 డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ ఉంటుంది, జిల్లాకి రెండు భాగాలు. ‘ఏ’ భాగంలో ఊళ్ళో ఏమేం వసతులున్నాయో, ‘బి’ భాగంలో ఎంతమంది ఏం చేసుకుని బతుకుతున్నారో ఉంటుంది. ఇళ్ళ వివరాలు వేరే ఎక్సెల్ షీటులో ఇస్తారు. పాత జిల్లా పేరుతోనే వెతకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గానీ ఈ లెక్కలు అంతకు ముందువి. అంచేత అమలాపురం వాళ్ళు తూర్పు గోదావరిలోనే చూడాలి. స్పెల్లింగుతో కూడా ఓ తిప్పలుంది. పాలకొల్లుని ఆ పట్టికల్లో ‘పాలకోల్’ అని ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి పద్ధతిలో రాశారు. మా మేనల్లుడు పావుగంట వెతికి, మన టౌనే లేదన్నాడు.

ఇంకో మెలిక. లెక్కల్లో ఊరంటే రెవెన్యూ గ్రామం. పంచాయతీ కాదు, పేట కాదు. మన వైపు శివారు అంటే ఊరి చివర, కాలువ నీళ్ళు ఆఖరున అందే చేలు, పంచాయతీ కింద ఉండే చిన్న పేట కూడాను. ఆ పేటకి పట్టికలో విడిగా వరస ఉండదు, అసలు ఊరి అంకెలో కలిసిపోతుంది. మీరు కొనబోయే స్థలం పేటలో ఉంటే, ఊరి సగటు చూసి అక్కడ కాలువలూ డ్రైనేజీలూ ఉన్నాయనుకోకండి.

ఇక నేను ముందు చూసేది పనివాళ్ళ వరసలు. ఏడాదిలో ఆరు నెలలూ ఆపైన పనిచేస్తే మెయిన్ వర్కర్, అంతకు తక్కువైతే మార్జినల్. వీళ్ళని మళ్ళీ నాలుగు రకాలు చేస్తారు. సొంతంగా గానీ కౌలుకి గానీ సాగు చేసేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల వాళ్ళు, ఆఖర్న ‘అదర్ వర్కర్స్’. ఈ ఆఖరి గడి పెద్దదిగా ఉంటే, ఊరు టౌనైపోతోంది, అందరూ ఉద్యోగస్తులే అనేస్తారు. డెల్టాలో ఆ మాట అనేముందు ఆగాలి. 2011 నిర్వచనం ప్రకారం వరి, చెరకు పండిస్తే సాగుదారు. కొబ్బరి పండిస్తే కాదు! టీ, కాఫీ, రబ్బరు, వక్కలతో పాటు కొబ్బరినీ తోటపంటల్లో వేసి సాగులోంచి తీసేశారు. చేపల చెరువు, రొయ్యల చెరువు కూడా అంతే. నిన్నటిదాకా సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటల వరి వేసిన రైతు అదే ఆరెకరాలు చెరువు తవ్వించాడనుకోండి, పట్టికలో ‘అదర్’ అయిపోతాడు. మనిషి అదే గట్టు మీద, అదే లుంగీలో ఉంటాడు. ఊళ్ళోకి కొత్తగా ఆఫీసూ రాదు, షాపూ రాదు. రొయ్యల చెరువు పక్కన ఇల్లు కట్టుకుంటే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోత ఎలా ఉంటుందో మా మేనల్లుడికి చెప్పనక్కర్లేదు, రెండు రాత్రులు పడుకున్నాడు.

ఆడవాళ్ళ పని గడి విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇంటింటా లేసు అల్లకం ఉంది కదా. 1991లో ఒక అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో దారపుండ, చేతిలో సూది. నాతో మాట్లాడుతూనే పువ్వు వెనక పువ్వు అల్లేస్తోంది, సూది వంక చూడను కూడా చూడదు. "ఏం పని చేస్తారమ్మా?" అన్నాను. "పనేముందండీ, ఇంట్లోనే" అంది. నేను అలాగే రాసేసి పక్కింటికి పోయాను. 2001 శిక్షణలో ఈ సంగతి గట్టిగా చెప్పారు. జీతం లేకపోయినా సొంత పొలంలో, సొంత వ్యాపారంలో చేసేది పనే. ఇంట్లో తాగడానికే గేదెను పెట్టుకుని పాలు తీసినా పనే. ఆ ఏడు నేను ప్రశ్న మార్చాను. "పని చేస్తారా?" అనడం మానేసి "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారు?" అన్నాను. జవాబులు మారిపోయాయి. అందుకని ఏ ఊరి పట్టికలోనైనా పనిచేసే ఆడవాళ్ళు మరీ తక్కువ కనిపిస్తే, వాళ్ళు ఖాళీగా ఉన్నారనుకోకండి. అడిగినవాడు నాలాంటివాడై ఉండొచ్చు.

ఆడ, మగ లెక్క. 2011లో పశ్చిమ గోదావరిలో వెయ్యి మంది మగవాళ్ళకి 1,004 మంది ఆడవాళ్ళు, తూర్పులో 1,006. బాగుందని చంకలు గుద్దుకోకుండా ఏడేళ్ళు నిండని పిల్లల గడి కూడా పక్కన పెట్టి చూడండి. ఎందుకంటే పెద్దవాళ్ళలో వలస కలిసిపోయి ఉంటుంది. లెక్క జరిగిన రోజుల్లో, అంటే 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, ఒక్క రోజు కూడా ఇంట్లో ఉండనివాణ్ణి ఆ ఇంట్లో రాయకూడదు. ఒక పెద్దావిడ కువైట్‌లో ఉన్న కొడుకు పేరు రాయమని పట్టుబట్టింది. "రేషన్ కార్డులో ఉన్నాడు, మీ కాగితంలో ఎందుకుండడు బాబూ?" అంది. రాయలేదు. ఆవిడ నాకు మజ్జిగ ఇవ్వలేదు.

అక్షరాస్యత తేలిక. ఏడేళ్ళు నిండని పిల్లల్ని మొత్తంలోంచి తీసేసి మిగిలినవాళ్ళతో భాగించాలి, అంతే. చాలామంది మొత్తం జనంతో భాగించి, ఊరు వెనకబడిందని బాధపడతారు.

నీళ్ళ గడి దగ్గర మాత్రం తొందర వద్దు. మా వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. కాలువ నీళ్ళు మంచినీళ్ళ చెరువుకి ఎక్కించి, అక్కణ్ణుంచి కుళాయిలకి ఇస్తారు. కాలువలు కట్టేశాక, అంటే నీళ్ళు ఆపేశాక, దాళ్వా కోతలైన దగ్గర్నుంచి సార్వాకి నీళ్ళు వదిలేదాకా ఆ చెరువే దిక్కు. పట్టికలో ఏముంటుంది? ‘శుద్ధి చేసిన కుళాయి నీరు’ ఇంత శాతం అని. ఆ కుళాయి రోజుకి ఎంతసేపు వస్తుందో, మే నెలలో రంగెలా ఉంటుందో ఉండదు. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కునేవాళ్ళకి 2011 ఫారంలో విడిగా గడే లేదు. ఇంకో తమాషా చూడండి. కుళాయి ఇంటికి మూడొందల మీటర్ల దూరంలో ఉందనుకోండి. పల్లెలో అయితే అది ‘దగ్గర’, టౌనులో అయితే ‘దూరం’. పల్లెకి హద్దు 500 మీటర్లు, పట్టణానికి 100. పాలకొల్లునీ మా ఊరినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే మా ఆడవాళ్ళు బిందె మోసే దూరం అలా మాయమైపోతుంది.

వసతుల జాబితా ఇంటింటికీ తిరిగి రాసింది కాదు. ఊళ్ళో లేని వసతికి ‘ఏ’ అని ఉంటే ఐదు కిలోమీటర్లలోపు దొరుకుతుందని, ‘బి’ అంటే పదిలోపు, ‘సి’ అంటే ఆపైన. టౌను పక్క ఊళ్ళన్నిటికీ వరసగా ‘ఏ’లే. మధ్యలో వంతెన ఉందో, పంటు మీద దాటాలో మీరే వెళ్ళి చూడాలి.

ఊరు ‘జనగణన పట్టణం’ అవుతుందా అన్నది స్థలాల ధర కోసం అందరూ అడిగేది. షరతులు మూడు. 5,000 జనం, చదరపు కిలోమీటరుకి 400 మంది, మగ మెయిన్ వర్కర్లలో నూటికి 75 మంది వ్యవసాయేతరం. పశ్చిమ గోదావరి జిల్లా సగటే 500 దాటింది కాబట్టి రెండోది మనకి లాంఛనమే. మూడోదే అసలు గేటు. వెయ్యి మంది మగ మెయిన్ వర్కర్లలో సాగుదారులు 90, కూలీలు 130 అనుకోండి. కలిపితే 220, మిగతా 78 శాతం వ్యవసాయం బయటివాళ్ళు. అందులో కొబ్బరి, చెరువుల వాళ్ళెందరో పట్టిక చెప్పదు, ఊళ్ళో కాఫీ హోటల్ దగ్గర అడగాలి. ఆ పేరొచ్చినా పంచాయతీ పంచాయతీగానే ఉంటుంది. ధవళేశ్వరం 2011లో అలాంటిదే.

జనం పెరుగుదల కూడా చూడండి. 2001 నుంచి 2011కి ఉమ్మడి రాష్ట్రం 11 శాతం పెరిగితే పశ్చిమ గోదావరి మూడున్నరే. అలాంటి జిల్లాలో ఒక ఊరు పదిహేను, ఇరవై పెరిగిందంటే టౌను అటు పొర్లుతోందని అర్థం. ఇదంతా పాత లెక్కేనన్నది మర్చిపోవద్దు. 2021ది జరగలేదు. కొత్త దానికి 2026లో ఇళ్ళు, 2027 ఫిబ్రవరిలో మనుషులు.

మా మేనల్లుడు అంతా విని బయానా ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. మే నెలలో ఫోన్ చేశాడు. "మావయ్యా, కాలువలు కట్టేశారా?" "కట్టేశారు." "అయితే ఆదివారం వస్తున్నా. ఆ పేటలో పొద్దున్నే టిన్నుల ఆటో ఎన్ని ఇళ్ళ ముందు ఆగుతుందో లెక్కపెడతాను."