హార్డ్ రాక్ ఆల్బమ్‌ను రెండు చెవులతో వినడం ఎలా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కొన్న ఇయర్‌ఫోన్లలో ఎడమవైపుది మూగబోయినా, పాట వినబడుతూనే ఉంది కదా అని కొన్ని నెలలు హార్డ్ రాక్ బృందం ఏసీ/డీసీ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ను అలాగే విన్నాను. కొత్త జత పెట్టుకున్న రాత్రి తెలిసింది, అన్నాళ్లూ నా చెవిన పడింది సగం బృందమేనని. ఆ ఆల్బమ్‌లో అన్న మాల్కమ్ యంగ్ గిటార్ ఎడమవైపు, తమ్ముడు ఆంగస్ గిటార్ కుడివైపు మోగుతాయి.

కాబట్టి ముందుగా ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దాన్ని పంపే అమరిక) ఆపి ఉందో లేదో చూసుకోండి, బాస్ పెంచే ఈక్వలైజర్‌ను కూడా తీసేయండి. బరాత్‌లో డీజే పెట్టెల మోతకు అలవాటైన చెవికి మొదట ఈ శబ్దం పలచగా తోస్తుంది కానీ, రెండు పాటలు గడిచేసరికి సర్దుకుంటుంది. షఫుల్ వద్దు. 1980 జూలైలో ఎల్‌పీగా, అంటే రెండు పక్కలా పాటలుండే గ్రామఫోన్ రికార్డుగా వచ్చిన ఈ ఆల్బమ్‌లో పక్కకు 5 చొప్పున 10 పాటలు, మొత్తం సుమారు 42 నిమిషాలు. అయిదో పాట అయ్యాక లేచి మంచినీళ్లు తాగి వస్తే ఆ రెండు పక్కల అమరిక తెలుస్తుంది.

మొదటి పాట గంటతో మొదలవుతుంది. 1980 ఫిబ్రవరి 19న గాయకుడు బాన్ స్కాట్ మరణించగా, బృందం బ్రయాన్ జాన్సన్‌ను తీసుకొని, బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో, మట్ లాంగ్ నిర్మాతగా ఈ పాటలను రికార్డు చేసింది. అట్ట నల్లగా ఉండడం ఆ సంతాపానికి గుర్తు. మొదటి పాటలో మోగేది ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పోతపోసిన 2,000 పౌండ్ల కంచు గంట. తొందరపడి ముందుకు జరపకుండా, ఒక్కో దెబ్బ తర్వాత నాదం సన్నగిల్లే దాకా ఆగి వినండి, గిటార్ దాని మీదికి ఎలా వచ్చి చేరుతుందో అప్పుడే పట్టుబడుతుంది.

అసలు పాఠం రెండో పక్క మొదటి పాట, అంటే ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాట. దాన్ని మూడుసార్లు వినాలి: ఎడమ చెవితో ఒకసారి, కుడి చెవితో ఒకసారి, రెండూ కలిపి ఒకసారి. ఈ, డీ, ఏ అనే మూడు కార్డులను (కలిపి మోగించే స్వరాల గుంపులను) గిటార్‌పై కొట్టి, వెంటనే తీగలను అణచి, మధ్యలో ఖాళీ వదులుతారు. డప్పు మీద సిర్ర దెబ్బకూ సిటికెన పుల్ల దెబ్బకూ నడుమ దొరికే జాగాలో మన ఊళ్లలో ఆడేవాళ్ల అడుగు పడుతుంది చూడండి, ఆ ఖాళీ అలాంటిదే. గిటార్లు ఆగినా ఫిల్ రడ్ డ్రమ్స్ మాత్రం ఆగవు, అందుకే ఆ మౌనం బరువుగా ఉంటుంది. నా మటుకు హార్డ్ రాక్ బలం మోతలో కంటే ఈ ఆపడంలోనే ఎక్కువ ఉంది.

సాహిత్యంలో ఆడవాళ్ల ప్రస్తావన కొన్నిచోట్ల నాకు నచ్చదు, ఆ మాట దాచను. అయినా వాయిద్యం కోసం ఆ పాటలనూ దాటవేయకండి.

ఆల్బమ్ పూర్తయ్యాక, మర్నాడు ఇదే బృందం 1979 ఆల్బమ్ ‘హైవే టు హెల్’ పెట్టండి. అదే నిర్మాత, అవే రెండు గిటార్లు. గొంతు మాత్రం బాన్ స్కాట్‌ది.