కుమ్మరి సారె మీద మట్టిపని – 4వ పాఠం: అడుగు పగుళ్లు

పోయిన పాఠంలో అరకిలో మన్నుతో గ్లాసు తీయించాను. చాలామందికి గోడ బాగానే లేచింది కానీ, ఆరాక అడుగున ‘ఎస్’ ఆకారంలో పగులు వచ్చింది. అందుకని పిడి అతికించే పాఠం వాయిదా వేస్తున్నాను.

మన్ను మంచిది కాదేమోనని కొందరు ఇసుక కలిపారు. తప్పు మన్నుది కాదు. గోడ లాగేటప్పుడు మన్ను వేళ్ల మధ్య నలిగి గట్టిపడుతుంది. అడుగు మధ్యభాగానికి ఆ ఒత్తిడి తగలదు, పైగా నీళ్లు నిలిచేదీ అక్కడే. గోడ ముందే ఆరి బిగుసుకుంటుంది. అడుగు ఆలస్యంగా కుదించుకోబోతే చుట్టూ ఉన్న గోడ కదలనివ్వదు, దాంతో మధ్యలో చీలుతుంది. మన ఊళ్లలో చాలాచోట్ల కుమ్మరులు లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కుండ అడుగు మూస్తారు. ఆ దెబ్బలకే అడుగు గట్టిపడుతుంది. మనం ఆ పని సారె మీదే చెయ్యాలి.

ముద్దను నడిమికి తెచ్చి గుంట తీయడం మీకు వచ్చు. అడుగు 7 మి.మీ. మందం ఉందేమో సూది గుచ్చి చూడండి. మూడు వేళ్లు కలిపి మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు ఐదుసార్లు నొక్కండి. నేనైతే చెక్కబద్దే వాడతాను, ఒత్తిడి సమంగా పడుతుంది. మా గురువుగారు గోడ ఎత్తాక మరోసారి నొక్కించేవారు. ఇది మానకండి. లోపలికి దిగిన నీళ్లకు అడుగు పైపొర మళ్లీ మెత్తబడి ఉంటుంది. పుల్లకు కట్టిన స్పాంజితో నీళ్లన్నీ తీసేశాకే నొక్కాలి. అంచు గట్టిపడగానే బోర్లించి ఆరబెట్టండి.

పగులును మాత్రం తడిమన్నుతో పూడ్చకండి, దయచేసి. చుట్టూ ఉన్నది అప్పటికే కుదించుకుంది, పూడ్చింది ఇంకా కుదించుకోవాలి. సందు మళ్లీ తెరుచుకుంటుంది. పైకి నున్నగా రుద్దితే కనిపించదు, ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) కాలాక బయటపడుతుంది. గ్లేజు (కాలిస్తే గాజులా మారే పూత) పూసి దాచినా లోపలి చీలిక పోదు, పోసిన నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పగిలిన గ్లాసును కాల్చకుండానే పూర్తిగా ఎండనిచ్చి నీళ్లలో వేయండి. నానిపోతుంది, మన్ను మళ్లీ పనికొస్తుంది.

అభ్యాసం: పది గ్లాసులు తీయండి. పచ్చిగా ఉండగానే పదింటినీ తీగతో నిలువునా కోయండి, ఒక్కటీ దాచుకోవద్దు. కొత్తవాళ్ల తొలి గ్లాసులను మా గురువుగారు ఆవం దాకా రానిచ్చేవారే కాదు. కోసినచోట అడుగు, గోడ కలిసే మూల చూడండి. అక్కడ అడుగు కంటే రెట్టింపు మందం ఉంటే, లాగడం మరీ పైనుంచి మొదలుపెడుతున్నారన్నమాట. వేలు మూలలోకి దించి మొదలుపెట్టండి.