డిస్క్ గోల్ఫ్ నేర్చుకునేవారు డ్రైవర్‌ను ఎందుకు వాయిదా వేయాలి

అమెరికాలో చాలా ఊళ్ల పార్కుల్లో, చెట్ల మధ్య స్తంభానికి బిగించి, పైనుంచి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు కనిపిస్తాయి. టీ (విసురు మొదలుపెట్టే చోటు) నుంచి డిస్కును, అంటే ఫ్రిస్బీ వంటి గుండ్రని పళ్లేన్ని విసిరి, అది పడిన చోటి నుంచి మళ్లీ విసురుతూ, వీలైనంత తక్కువ విసుర్లలో ఆ బుట్టలో వేయడమే డిస్క్ గోల్ఫ్. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో తొలి శాశ్వత కోర్సును రూపొందించిన ఎడ్ హెడ్రిక్, ఆ తరువాత ఈ గొలుసుల బుట్టకు పేటెంటు కూడా పొందారు. పార్కుల్లోని కోర్సుల్లో చాలా వాటికి ప్రవేశ రుసుము ఉండదు కనుక, అక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఎవరైనా ఈ ఆట మొదలుపెట్టాలనుకుంటే ఖర్చు ప్రధానంగా డిస్కులకే అవుతుంది.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది కూడా ఆ కొనుగోలులోనే. అన్నిటికంటే దూరం పోయేదని విని మొదటే డిస్టెన్స్ డ్రైవర్ (దూరపు విసుర్లకు చేసిన డిస్కు) తీసుకుంటారు. డిస్కు మీద సాధారణంగా స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్ అని వరుసగా నాలుగు అంకెలు ఉంటాయి. స్పీడ్ అనేది డిస్కు తనంతట తాను అందుకునే వేగం కాదు. అది సవ్యంగా ఎగరడానికి మన చేయి ఇవ్వవలసిన వేగం. గ్లైడ్ గాలిలో తేలే గుణం. కుడిచేతి వాటం వారు బ్యాక్‌హ్యాండ్‌తో (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి ముందుకు లాగి) విసిరినప్పుడు, వేగం ఉన్నంతసేపు డిస్కు కుడికి ఒరిగే గుణం టర్న్, వేగం తగ్గాక ఎడమకు వాలే గుణం ఫేడ్. ఇన్నోవా కంపెనీ డిస్టెన్స్ డ్రైవర్ అయిన డిస్ట్రాయర్‌కు ఈ అంకెలు 12, 5, -1, 3. అంతటి వేగాన్ని కొత్తవారి చేయి ఇవ్వలేదు కనుక టర్న్ ఎన్నడూ పనిచేయదు. ఫేడ్ ఒక్కటే మిగిలి, డిస్కు కొద్ది దూరంలోనే ఎడమకు తిరిగి నేలను తాకుతుంది. అదే కంపెనీ పుటర్ (బుట్ట దగ్గర వేసే డిస్కు) ఏవియార్ (2, 3, 0, 1), డిస్‌క్రాఫ్ట్ కంపెనీ వారి మిడ్‌రేంజ్ (మధ్యస్థ దూరాల డిస్కు) బజ్ (5, 4, -1, 1) వంటివి తక్కువ వేగానికే తిన్నగా పోతాయి. పైగా విసురులోని లోపాన్ని దాచకుండా చూపిస్తాయి. నా అభిప్రాయంలో తొలి నెలలకు ఈ రెండు రకాలే చాలు.

విసరడం నిలబడిన చోటి నుంచే నేర్చుకోవాలి; పరుగు, అడుగుల మార్పిడి తరువాతి సంగతి. కుడిచేతి వాటం వారు కుడి భుజం లక్ష్యం వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడి, బొటనవేలు డిస్కు పైన, మిగతా వేళ్లు అంచు లోపల ఉంచి పట్టుకోవాలి. చేతిని వెనక్కి చాచి, డిస్కు ఛాతీకి దగ్గరగా తిన్నని గీతలో సాగేటట్లు లాగాలి. చేయి ఒంటి చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరిగితే విడుదల ఆలస్యమై డిస్కు కుడి వైపు చెట్లలోకి పోతుంది. బలం భుజం నుంచి కాక, ముందుకాలి మీద బరువు మోపి నడుము తిప్పడం నుంచి రావాలి. ఇన్ని చేసినా దూరం రాకపోతే డిస్కు ముక్కును, అనగా ముందు అంచును, గమనించాలి. అది ఆకాశం వైపు లేచి ఉంటే డిస్కు పైకెక్కి, ఆగి, ఎడమకు జారిపోతుంది. చాలామంది దీనిని బలం చాలకపోవడంగా భావించి ఇంకా గట్టిగా విసురుతారు. దానితో లోపం పెరుగుతుందే తప్ప దూరం పెరగదు. విడిచే క్షణాన మణికట్టును కొద్దిగా కిందికి వంచి, తాళంచెవి తిప్పినట్లు బొటనవేలి వైపుకు తిప్పితే ముక్కు దిగుతుంది. దీనిని ఖాళీ మైదానంలో, ఒకే రకం డిస్కులు నాలుగైదు పెట్టుకుని సాధన చేయడం మంచిది. కోర్సులో ఆడుతూ నేర్చుకుందామంటే ఒక్కో విసురుకీ పరిస్థితి మారి, తప్పెక్కడుందో తెలియదు.

పుటింగ్‌ను, అంటే దగ్గరి నుంచి బుట్టలో వేయడాన్ని, కొత్తవారు నిర్లక్ష్యం చేస్తారు, కానీ స్కోరు త్వరగా తగ్గేది అక్కడే. మూడు మీటర్ల దూరంలో మొదలుపెట్టి, పదింటికి తొమ్మిది పడుతున్నప్పుడు ఒక అడుగు వెనక్కి జరగండి. బుట్ట మొత్తాన్ని కాక, మధ్యలో ఒక్క గొలుసు లంకెను చూసి వేయండి. బుట్టకు పది మీటర్ల లోపల వేసేటప్పుడు ఒక నియమం వర్తిస్తుంది: డిస్కు వదిలాక తూలి ముందుకు పడకుండా నిలదొక్కుకుని, ఆ తరువాతే మార్కర్ (డిస్కు పడిన చోటికి పెట్టిన గుర్తు) దాటి ముందుకు వెళ్లాలి. స్నేహితుల మధ్య ఆటలో దీనిని పట్టించుకోరు గానీ, మొదటి నుంచే పాటిస్తే పోటీలకు వెళ్లినప్పుడు అలవాటు మార్చుకునే శ్రమ ఉండదు. హద్దు దాటి పడిన డిస్కుకు మాత్రం ఒక విసురు జరిమానా ఎక్కడైనా ఉంటుంది.

పార్కు అందరిదీ కనుక నడిచేవారు, పిల్లలు దాటేవరకు విసరకూడదు. పొరపాటున డిస్కు ఎవరివైపైనా పోతే వెంటనే గట్టిగా "ఫోర్" అని కేకవేయాలి. డిస్కు అడుగున పేరు, ఫోన్ నంబరు రాసిపెట్టుకుంటే, చెరువు పక్కన పోయినది కూడా తిరిగి దొరికే అవకాశం ఉంటుంది.

మిడ్‌రేంజ్‌ను వంకర లేకుండా సుమారు 75 మీటర్లు నిలకడగా వేయగలిగినప్పుడు డ్రైవర్ సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా నేరుగా డిస్ట్రాయర్ వంటి వాటికి పోకుండా, లెపర్డ్ (6, 5, -2, 1) వంటి ఫెయిర్‌వే డ్రైవర్‌ను (తక్కువ వేగం కోరే డ్రైవర్‌ను), అందులోనూ 160 గ్రాముల లోపు తేలికైనదాన్ని ఎంచుకోండి.