ఫైరింజన్ వచ్చేలోపు మనం చేయాల్సినవి

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. మా కింది ఇంట్లో మూడేళ్ల కిందట పూరీలు వేయిస్తుంటే నూనె అంటుకుంది. ఆవిడ కంగారుపడి చెంబుడు నీళ్లు పోసేసింది. మంట భగ్గున చిమ్నీ దాకా లేచింది. మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని పరిగెత్తానే గానీ దాని పిన్ను ఎలా లాగాలో నాకు తెలీలేదు. ఆవిడ చెయ్యి కాలింది. గేటుకి అడ్డంగా బైకులుండి ఫైరింజన్ బయటే ఆగిపోయింది. ఆ వారమే ఎనిమిది మందిమి జట్టు కట్టాం.

ముందు మనుషుల సంగతి. మేం మొదట హుషారైన ఆఫీసు కుర్రాళ్లని తీసుకున్నాం. పగలు పదకొండింటికి చూస్తే ఒక్కరూ లేరు. కాబట్టి పగలు ఇంట్లో ఉండేవాళ్లని ఎంచుకోండి. ఇప్పుడు మా జట్టులో రిటైరైన అంకుల్స్ ఇద్దరు, ఇంటిపట్టున ఉండే మేం ఐదుగురం, వాచ్‌మన్ అన్న. కేక కూడా ముందే అనుకోవాలి. మాది "మంటలు, బెంకి, ఆగ్", మూడు భాషల్లోనూ.

కేక వినగానే ఒకరు 101కో 112కో ఫోన్ చేయాలి. మా అడ్రసు, గుర్తులు కన్నడలో రాసి గేటు దగ్గర అంటించాం, టెన్షన్‌లో నోరు తిరగదు కదా. ఒకరు బైకులు తీయించాలి, ఒకరు కరెంటు మెయిన్ ఆపాలి, మిగతావాళ్లు తలుపులు కొట్టాలి. లిఫ్ట్ జోలికి ఎవరూ వెళ్లకూడదు.

ఇక ఎర్ర సిలిండర్. నెలకోసారి దాని మీటరు ముల్లు పచ్చ గడిలో ఉందో లేదో చూడండి. సీలు తెంచుతూ పిన్ను లాగి, పైపు మంట మొదటికి గురిపెట్టి, హ్యాండిల్ నొక్కి, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. పైకెగిసే నాలుకల మీద కొడితే పొడి దండగ. 6 కిలోలది 15, 20 సెకన్లలో ఖాళీ అయిపోతుంది. అందుకే మంట చిన్నదై, తలుపు మీ వెనకే ఉంటేనే నిలబడండి. లేదంటే తలుపు మూసి బయటికి వచ్చేయండి. నూనె మంటకైతే స్టవ్ ఆపి, మూత పక్కనుంచి జరుపుతూ కప్పి, చల్లారేదాకా తీయకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకండి. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ అయింది మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత సోఫాలు తీయించేటప్పుడే. 2010 ఫిబ్రవరి 23న ఇక్కడి పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయారు. దిగే దారి లేక, పొగ తట్టుకోలేక కిటికీల్లోంచి దూకినవాళ్లున్నారు. ఆ మాట మీటింగ్‌లో చెప్పాక మూడో అంతస్తు అన్న తన సోఫా తనే కిందికి దించేశారు.

నడవలేని పెద్దవాళ్లు ఎవరింట్లో ఉన్నారో చేత్తో రాసి పెట్టుకోండి. మా నాలుగో అంతస్తు మామ్మగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది. మొదటిసారి ప్లాస్టిక్ కుర్చీలో దించబోతే వీపు దగ్గర వంగిపోయింది. ఇప్పుడు ఇనప కుర్చీ వాడుతున్నాం. నడుముకి చున్నీ కట్టి, వెనక ఒకరు వాల్చి పట్టుకుంటే, ముందు ఒకరు కుర్చీ కాళ్లు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతారు.

ఏటా ఏప్రిల్ 14న రిహార్సల్ చేస్తాం. 1944లో బొంబాయి రేవు పేలుడులో ఫైర్‌మెన్ ప్రాణాలు పోయిన రోజది. పోయినసారి కిందికి దిగాక మామ్మగారు, "ఎడమ మోకాలు గోడకి తగిలిందమ్మా, ఇంకోసారి దించండి" అన్నారు. పైకి తీసుకెళ్లి, మలుపు దగ్గర కుర్చీని కాస్త కుడికి తిప్పి మళ్లీ దించాం.