అరటి గెలతో భాషాభాగాలు

భాషాభాగాలంటే మా మనవరాలికి టెన్షన్. రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్లొచ్చిన సాయంత్రం పుస్తకం మూసేసి, పలక మీద ఇలా రాశాను: "తాతయ్య పెద్ద గెలను అక్కడ దించాడు."

ముందు క్రియనే పట్టించండి, మిగతావి తేలికవుతాయి. "ఇదే రేపు జరిగితే?" అని అడగండి. "దించాడు" కాస్తా "దించుతాడు" అవుతుంది. అలా కాలంతో మారిందే క్రియ. ఎవరు, దేన్ని అంటే తాతయ్య, గెల. అవి నామవాచకాలు. తాతయ్య బదులు "ఆయన" అంటే సర్వనామం. ఎలాంటి గెల? పెద్ద. అది విశేషణం. అమ్మమ్మ దించినా, అందరూ దించినా "అక్కడ" మారదు, అది అవ్యయం.

మా పిల్ల "ఇది చక్రకేళి" అని రాసి, క్రియ దొరక్క ఏడ్చింది. తెలుగులో క్రియ లేని వాక్యాలూ ఉంటాయని ముందే చెప్పండి.