బస్తీలో ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో వయసువారీగా నమోదు చేయడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి పీజీల నుంచి బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న అద్దె ఇళ్ల వరకు, తెలుగువారు ఉండే ప్రతి చోటా పనుల తీరు వేరుగా ఉంటుంది. మీ సంఘం తరఫున ఒక వీధిలోనో, కూలీల షెడ్లలోనో సర్వే చేయదలిస్తే, ఎవరికి పని ఉందన్న ప్రశ్నతో పాటు వారానికి ఎన్ని గంటలన్నదీ తప్పక అడగండి. కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి నిర్వహిస్తున్న పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామిక సర్వేలో, వారపు స్థితి లెక్క ప్రకారం, గడచిన 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం 1 గంట పనిచేసినవారు ఉపాధి ఉన్నవారే. అడ్డా మీద నిలబడి వారంలో రెండు రోజులే పని దొరికించుకున్న బేల్దారి, రోజుకు 12 గంటల చొప్పున వారమంతా కాపలా కాసే వాచ్‌మన్, ఇద్దరూ ఆ లెక్కలో ఒకే గడిలో పడతారు. గంటలు రాసుకుంటేనే వారి మధ్య ఉన్న అంతరం బయటపడుతుంది.

"మీరు ఉద్యోగం చేస్తున్నారా?" అని మాత్రం మొదలుపెట్టవద్దు. అలా అడిగితే, తెల్లవారుజామునే లేచి టిఫిన్ సెంటర్‌కు పిండి రుబ్బి, చట్నీలు చేసి, మధ్యాహ్నం దాకా గిన్నెలు తోమే ఇల్లాలు "నేనేం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. ఆమె కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా పనిచేసే సహాయకురాలు. గణాంకాల ప్రకారం పూర్తి స్థాయి శ్రామికురాలు. అందువల్ల నిన్నటి నుంచి వెనక్కి, రోజు తర్వాత రోజు, ఉదయం ఎన్నింటికి పని మొదలైంది, ఎన్నింటికి ముగిసింది అని అడుగుతూ వెళ్లండి. రెండు పనులుంటే రెండింటి గంటలూ కలపండి. టీ తాగే విరామాన్ని, ఆర్డరు కోసం డెలివరీ యువకుడు బండి మీద కూర్చుని ఎదురుచూసే సమయాన్ని పనిలోనే లెక్కించండి. భోజన విరామాన్ని, సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో గడిచే ప్రయాణాన్ని కలపవద్దు. ప్రయాణ సమయాన్ని వేరే గడిలో రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ నగరంలో మనిషి అలసటలో దానికి పెద్ద వాటా ఉంది.

తర్వాత స్థితి రాయండి. స్వయం ఉపాధి, జీతం లేని కుటుంబ సహాయం, నెల జీతం, రోజుకూలీ అన్నవి పని ఉన్నవారి విభాగాలు. పని లేక వెతుకుతున్నవారు, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారు నిరుద్యోగులు. చదువు, ఇంటిపని, పింఛను వంటివి మాత్రమే ఉన్నవారు శ్రామిక శక్తికి వెలుపల ఉంటారు. పగలు కోచింగ్‌కు వెళ్తూ సాయంత్రం రెండు గంటలు డెలివరీ చేసే 23 ఏళ్ల బీటెక్ కుర్రాడు వారపు లెక్కలో ఉపాధి ఉన్నవాడే. పింఛను తీసుకుంటూ రోజూ రాత్రి 12 గంటలు కాపలాకు వెళ్లే 62 ఏళ్ల పెద్దాయన "రిటైరయ్యాను బాబూ" అన్నా ఆయన వారానికి 84 గంటలు పనిచేస్తున్న శ్రామికుడే. జబ్బు చేసి వారమంతా సెలవులో ఉన్న ఉద్యోగిని నిరుద్యోగిగా రాయకండి. ఉపాధి ఉన్నట్టు, గంటలు సున్నా అని రాయండి.

వయసును నిండిన సంవత్సరాల్లో తీసుకుని 15–29, 30–44, 45–59, 60 పైబడినవారు అని విభజిస్తే చాలు. పెద్దవారి ఆధార్‌లో జనవరి 1 అని కనిపిస్తే దాన్నే నమ్ముకోక, పెళ్లి నాటి వయసో, పెద్ద బిడ్డ వయసో అడిగి సరిచూసుకోండి. 14 ఏళ్లలోపు పిల్లలు బడి మానేసి పనిలో ఉన్నట్టు తెలిస్తే అది సర్వే గడిలో రాసి వదిలేయవలసిన విషయం కాదు. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

పట్టిక తయారుచేసేటప్పుడు నిరుద్యోగ శాతాన్ని మొత్తం జనాభా మీద కాక, పని ఉన్నవారూ నిరుద్యోగులూ కలిసిన సంఖ్య మీద లెక్కగట్టండి. గంటలకు సగటు కంటే, అందరినీ వరుసలో పెట్టినప్పుడు మధ్యలో వచ్చే విలువ నమ్మదగినది. వారానికి 48 గంటలు దాటినవారు ప్రతి వయోవర్గంలో ఎందరో విడిగా చూపండి. సంక్రాంతి, ఉగాది వారాల్లో సర్వే పెట్టకండి. అనంతపురం, కడప, పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి షెడ్లలో మిగిలినవారిని మాత్రమే లెక్కించినట్టవుతుంది.