సరిహద్దు సైనికుడి డైరీలో కమాంచీలని ఎలా చదవాలి

బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఎప్పుడో ఒకసారి అమెరికా సరిహద్దు సైనికుల జ్ఞాపకాలు చేతికి తగుల్తాయి, నెట్‌లో అయితే పాత డైరీలు ఫ్రీగానే దొరుకుతాయి. చాలామంది నేరుగా యుద్ధం పేజీలకి వెళ్ళిపోతారు, దయచేసి అలా చేయొద్దు, కమాంచీలని, అంటే అమెరికా దక్షిణ మైదానాల్లో బతికిన ఆదివాసీ తెగవాళ్ళని, మొదటిసారి చూసిన రోజు ఆ సైనికుడు ఏం రాశాడో అది ముందు పట్టుకోండి.

ముందు పేరు దగ్గర ఆగండి. కమాంచీ అనేది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు, యూట్ తెగవాళ్ళ మాట నుంచి వచ్చింది, శత్రువు అనే అర్థంలో వాడేవాళ్ళు. వాళ్ళని వాళ్ళు నుమునూ అనుకుంటారు, అంటే మనుషులు అని, అంతే. మన పల్నాడులో 1922లో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు గురించి ఒక్క పోలీసు రిపోర్టు చదివి ఊరుకుంటామా, ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకున్నది కూడా వింటాం కదా, ఇక్కడా అదే పద్ధతి.

తర్వాత రెండు రంగుల పెన్నులు తీసుకోండి. సైనికుడు కళ్ళతో చూసింది నీలంతో, భయంతోనో కోపంతోనో అనుకున్నది ఎరుపుతో గీయండి. ప్రాక్టీసుకి 1834 వేసవి మంచిది. ఆ ఏడాది ఫోర్ట్ గిబ్సన్ అనే సైనిక కోట నుంచి అమెరికా సైన్యంలోని డ్రాగూన్ గుర్రపు దళం పడమరకి బయల్దేరింది, దారిలోనే జ్వరాలు పట్టుకుని బోలెడుమంది పడిపోయారు, జనరల్ లెవెన్‌వర్త్ కూడా చనిపోయాడు, అప్పుడు కల్నల్ డాడ్జ్ ఉన్నవాళ్ళని తీసుకుని ముందుకెళ్ళాడు. వీళ్ళతో వెళ్ళిన చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ ఆ మొదటి కలయికని రాశాడు. ఎదురుగా కమాంచీలు వరసగా నిలబడి ఉన్నారు, డాడ్జ్ తెల్ల జెండా పంపించాడు, అటునుంచి ఒక్కడే తెల్ల గుర్రం మీద, ఈటె మొనకి తెల్ల దున్నతోలు ముక్క కట్టుకుని, సూటిగా రాకుండా కుడికీ ఎడమకీ తిప్పుకుంటూ వచ్చాడు, వచ్చి తన ఈటెని ఆ తెల్ల జెండాకి ఆనించి, జెండా పట్టుకున్నవాడి మొహంలోకి చూసి, తర్వాత డాడ్జ్ వైపు తిరిగి చెయ్యి చాపాడు. ఇదంతా నీలమే. ఈ నాలుగు లైన్లలో ఉన్న మర్యాదకి నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది. ఇలాంటి రాతల్లోనే క్రూరులు, దొంగలు లాంటి మాటలు కనిపిస్తే అక్కడ ఎరుపు గీయండి.

ఇంకోటి, ఏ భాషలో మాట్లాడుకున్నారో చూడండి. ఆ రోజు దళంతో ఒక స్పెయిన్ మనిషి, అటువైపు కొద్దిగా స్పానిష్ వచ్చిన ఒక కమాంచీ ఉండబట్టి మాట సాగింది. అంటే మనం చదివే కమాంచీ మాట రెండు మూడు చేతులు మారి వచ్చింది, కొటేషన్ మార్కులు చూసి అలాగే నమ్మేయొద్దు.

గుర్రాల ప్రస్తావన ఎక్కడొచ్చినా మార్జిన్లో గుర్తు పెట్టుకోండి. మనిషి గుర్రం పక్కకి వేలాడుతూ, ఒంటిని దాని వెనక దాచుకుని బాణం వేయడం కాట్లిన్ చూశాడు, బొమ్మ కూడా గీశాడు. 1871 అక్టోబర్లో టెక్సాస్‌లోని బ్లాంకో లోయలో అమెరికా కల్నల్ మెకెంజీ సైన్యం నిద్రపోతుండగా కమాంచీలు రాత్రికి రాత్రి అరవైకి పైగా గుర్రాలని బెదరగొట్టి తోలుకెళ్ళిపోయారు, అందులో మెకెంజీ సొంత గుర్రం కూడా ఉంది. అదే మెకెంజీ 1874 సెప్టెంబర్లో, టెక్సాస్‌లోనే, కమాంచీలు గుడారాలు వేసుకున్న పాలో డ్యూరో లోయ మీద పడ్డప్పుడు మనుషులకంటే గుర్రాల మీదే కన్నేశాడు, గుడారాలు, చలికాలం కోసం దాచుకున్న తిండి తగలబెట్టించి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్పించేశాడు. మరుసటి ఏడాది జూన్లో కమాంచీ నాయకుడు క్వానా పార్కర్ మనుషులు ఫోర్ట్ సిల్ అనే సైనిక కోటకి వచ్చి లొంగిపోయారు.

ఆ 1874 పేజీ చదివేటప్పుడు 1834 పేజీ కూడా పక్కన తెరిచి పెట్టుకోండి, ఈటె కొనకి తెల్ల తోలు కట్టుకుని ఆ ఒక్కడు తెల్ల గుర్రం మీద వచ్చిన పేజీ.